వెనక నుంచి చూసినా కుర్చీ కుర్చీయే అని ఎలా తెలుస్తుంది? బొమ్మలో మాత్రం ఎందుకు తికమక?

గీతలమేస్త్రి
యూజర్ మాన్యువల్స్‌కి బొమ్మలు గీయడం నా పని. ఈమధ్య ఒక ఇస్త్రీపెట్టె మాన్యువల్ వచ్చింది. ఆవిరి వచ్చే రంధ్రాలు ఎలా శుభ్రం చేయాలో చూపించాలి కాబట్టి పెట్టెను అడుగువైపు నుంచి గీశాను. కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. చూసినవాళ్లలో ఒకరు పడవ అన్నారు, ఒకరు చెప్పు అడుగు అన్నారు, ఇంకొకాయన పేపర్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అదే మనుషుల చేతికి అసలు పెట్టె ఇచ్చి బోర్లించినా, వెల్లకిలా పెట్టినా ఒక్క క్షణం కూడా తడబడరు.

కంట్లో పడే బొమ్మ ఎటూ చదునుగానే ఉంటుంది. కుర్చీని ముందు నుంచి చూస్తే ఒక ఆకారం, పై నుంచి చూస్తే ఇంకో ఆకారం, రెండిటికీ పోలికే ఉండదు. అయినా రెండూ ఒకే కుర్చీ అని మెదడు ఎలా తేలుస్తోంది? అంత తెలివైనది నా బొమ్మ దగ్గరే ఎందుకు చతికిలబడింది?

తలకిందులు
పడవ అన్నాయనకే నా ఓటు.

పాతలెక్కలమాస్టారు
నేను ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పినవాణ్ణి. ప్లాన్ (పై నుంచి), ఎలివేషన్ (ఎదురు నుంచి), సైడ్ వ్యూ మూడూ ఇచ్చి, ఐసోమెట్రిక్, అంటే మూడు ముఖాలూ ఒకేసారి కనిపించే బొమ్మ గీయమంటేనే సగం క్లాసుకి చెమటలు పట్టేవి. మీరు ఇచ్చింది ఒక్క వ్యూ. పై నుంచి వృత్తం కనిపించిందనుకోండి, అది గోళమా, స్తూపమా, శంకువా? లెక్క ప్రకారం చెప్పడం కుదరదు. ఒకే చదును బొమ్మకు లెక్కలేనన్ని ఘనాకారాలు సరిపోతాయి. కన్ను తప్పడం వింత కాదు మేస్త్రీ, రోజంతా ఒప్పులే చెప్పడం వింత.

కోడ్‌కుర్రాడు
ఇందులో అంత మిస్టరీ ఏముంది? మెదడులో ప్రతి వస్తువుకీ ఒక త్రీడీ మోడల్ ఉంటుంది. కంటికి కనిపించినదానితో సరిపోయేదాకా దాన్ని తిప్పి చూసుకుంటుంది. గేమ్ ఇంజన్ చేసేది కూడా అదే. సింపుల్.

నాలుగోకన్ను
సింపుల్ అనగానే భయమేస్తుంది బ్రో. మీరన్నది ఇంచుమించు చూపు మీద పరిశోధన చేసిన డేవిడ్ మార్ దారి. మార్, నిషిహారా కలిసి 1978లో చెప్పింది ఇదే. మెదడు వస్తువును స్తూపాల్లాంటి ముక్కలుగా, ఆ వస్తువు సొంత ఇరుసును (దాని పొడవునా పోయే నడిమి గీతను) పట్టుకుని వర్ణించుకుంటుంది, చూసే మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది ఆ వర్ణనలో ఉండదు అని.

1987లో ఇర్వింగ్ బీడర్మన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఇటుక, స్తూపం, శంకువు, వంగిన గొట్టం లాంటి 36 మూలాకారాలు ఉంటే చాలు, మనం చూసే వస్తువులన్నీ వాటి కూర్పులే అన్నాడు. వాటికి జియాన్లు అని పేరు పెట్టాడు. కప్పులోనూ బకెట్‌లోనూ అవే రెండు ముక్కలు ఉంటాయి, ఒక స్తూపం, ఒక వంగిన హ్యాండిల్. హ్యాండిల్ పక్కన ఉంటే కప్పు, పైన ఉంటే బకెట్.

నాకు నచ్చే సంగతి ఏంటంటే, ఈ ముక్కల్ని పట్టుకోవడానికి కొలతలు అక్కర్లేదు. అంచు తిన్నగా ఉందా వంకరగా ఉందా, రెండు అంచులు సమాంతరంగా పోతున్నాయా, మూల దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయి, ఇంతే చూడాలి. ఎటు నుంచి చూసినా ఇవి దాదాపు మారవు. వంగిన తీగ తిన్నగా కనిపించాలంటే కన్ను సరిగ్గా ఆ వంపు ఉన్న తలంలోనే ఉండాలి. అలా ఉండే అవకాశం బాగా తక్కువ.

మేస్త్రి గారి బొమ్మ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఇస్త్రీపెట్టెని ఇస్త్రీపెట్టె అనిపించేది పిడి. అడుగు నుంచి గీస్తే ముందు మాయమయ్యేది అదే.

చూపుడువేలు
ఒప్పుకోను. కప్పా బకెట్టా అని చెప్పడానికి ముక్కలు పనికొస్తాయి. నా సైకిల్‌నీ అదే కంపెనీ అదే మోడల్ ఇంకో సైకిల్‌నీ ఏ జియాన్ విడదీస్తుంది? మొహాలన్నిటిలోనూ అవే కళ్లు, అదే ముక్కు, అదే నోరు. అక్కడ ముక్కల లెక్క చేతులెత్తేస్తుంది.

ఇంకోటి. బూల్టాఫ్, ఎడెల్మన్ 1992లో ఒక పరీక్ష చేశారు. పేపర్ క్లిప్‌ని ఎటుపడితే అటు వంచినట్టుండే తీగ ఆకారాలు తీసుకున్నారు, ఎవరూ ముందు చూసినవి కావు. కొన్ని కోణాల్లో చూపించి అలవాటు చేసి, తర్వాత కొత్త కోణాల్లో చూపించి గుర్తుపట్టమన్నారు. చూసిన రెండు కోణాలకు మధ్యలో పడితే బాగానే చెప్పారు. ఆ హద్దు దాటి బయటికి వెళ్లేకొద్దీ తప్పులు పెరిగాయి. లోపల నిజంగా త్రీడీ మోడల్ ఉంటే ఏ కోణమైనా ఒకటే కావాలి కదా? కాలేదు. నా ఉద్దేశంలో మెదడు దాచుకునేది వస్తువుని కాదు, చూసిన కోణాల్ని. మధ్యలోవి అంచనా కడుతుంది, అంతే.

కోడ్‌కుర్రాడు
మరి షెపర్డ్, మెట్జ్లర్ సంగతేంటి? 1971. ఘనాలు అతికించిన ఆకారాల్ని జతలుగా ఇచ్చి, రెండూ ఒకటేనా లేక ఒకటి రెండోదాని ప్రతిబింబమా అని అడిగారు. కోణం తేడా పెరిగేకొద్దీ జవాబుకి పట్టే సమయం గీత గీసినట్టు సమానంగా పెరిగింది. సెకనుకు సుమారు 60 డిగ్రీలు. మనసులో తిప్పుతున్నట్టే కదా అది!

చూపుడువేలు
తిప్పుతున్నారు, కాదనను. కానీ అక్కడ అడిగింది ఇదేమిటి అని కాదు, ప్రతిబింబమా కాదా అని. ప్రశ్న మారితే పని మారుతుంది. ఇంగ్లీష్ ఆర్ అక్షరాన్ని తలకిందులుగా చూపించి ఏ అక్షరం అంటే చటుక్కున చెప్పేస్తాం. అది మామూలు ఆరా, అద్దంలో ఆరా అంటే మాత్రం తల ఒకవైపుకి వాలిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకదాన్ని మనసులో తిప్పాలంటే ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో తెలియాలి. అది తెలియాలంటే ఆ వస్తువేంటో తెలియాలి. అది తెలిశాక ఇక తిప్పడం దేనికి?

తలకిందులు
పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

ఎక్స్‌రేబెంచీ
మీకిది చర్చ, మాకు డ్యూటీ. ఎయిర్‌పోర్టులో బ్యాగులు స్క్రీన్ మీద చూసే ఉద్యోగం నాది. మా స్క్రీన్‌లో లోహం నీలంగా, బట్టలు, తిండి, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో, మధ్యస్తంగా ఉండేవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. కత్తి పడుకుని ఉంటే చిన్నపిల్లాడైనా చెప్తాడు. అదే కత్తి మొన కెమెరా వైపు తిరిగి ఉందనుకోండి, పొడవంతా ముడుచుకుపోయి ఒక చిన్న ముదురు మచ్చ మిగులుతుంది. కిరణాలు దాని పొడవంతా దాటి రావాలి కాబట్టి రంగు ఇంకా చిక్కగా ఉంటుంది. పక్కనే గొడుగు కడ్డీ, ట్రాలీ రాడ్ ఉంటాయి. వాటిలో ఏది ఏదో చెప్పండి చూద్దాం.

ట్రైనింగ్‌లో ఒకే వస్తువుని రకరకాల కోణాల్లో పదేపదే చూపించేది ఇందుకే. ఇప్పుడు చాలా మెషిన్లు రెండు దిక్కుల నుంచి ఒకేసారి బొమ్మ తీస్తున్నాయి. సీటీ మెషిన్‌లో అయితే బ్యాగుని స్క్రీన్ మీదే తిప్పి చూడొచ్చు. తలలోనే త్రీడీ మోడల్ ఉందన్న కుర్రాడు ఒక షిఫ్టు మా సీట్లో కూర్చుంటే బాగుంటుంది.

కోడ్‌కుర్రాడు
జీతమెంతో చెప్పండి, రేపే వస్తాను.

పాతలెక్కలమాస్టారు
ఎక్స్‌రే గారు చెప్పినదానికీ మేస్త్రి సమస్యకీ తేడా ఉంది, రెండూ కలిపేయకండి. కత్తి విషయంలో పొడవైన ఇరుసు కుదించుకుపోయింది. ఇస్త్రీపెట్టెలో ఇరుసు పూర్తిగా కనిపిస్తూనే ఉంది, ఆనవాలు పట్టించే భాగం దాక్కుంది. రెండూ చిక్కు కోణాలే, కానీ మందు వేరు. మొదటిదానికి నీడలు, వెనక గళ్ల నేల లాంటివి వేసి లోతు చూపిస్తే కొంత తేరుకుంటుంది. రెండోదానికి దాగిన భాగం కొంచెమైనా బయటికి రావాలి.

గీతలమేస్త్రి
మాస్టారూ ఇది పనికొచ్చే మాట. వెనక్కి కొంచెం వాల్చి, పిడి అంచు కనిపించేలా మళ్లీ గీస్తున్నాను.

వార్డునర్సు
పక్షవాతం వార్డులో పనిచేస్తాను. మెదడు కుడివైపు వెనక భాగంలో దెబ్బ తగిలినవాళ్లలో ఇలాంటిది చూశాను. ఒకాయనకి కళ్లజోడు విప్పి ఎదురుగా పెడితే వెంటనే కళ్లజోడు అన్నారు. దాన్నే మడిచి, కాడల చివర్లు ఆయనవైపు వచ్చేలా టేబుల్ మీద పెడితే "ఏదో తీగలమ్మా" అన్నారు. చూపు బాగుంది, పేర్లన్నీ గుర్తున్నాయి. చేతికిస్తే తడిమి మళ్లీ కళ్లజోడే అన్నారు. ఇంట్లోవాళ్లు మతిమరుపు అనుకుని టెన్షన్ పడ్డారు. అది మతిమరుపు కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

నాలుగోకన్ను
సిస్టర్, ఇది 1973లో ఎలిజబెత్ వారింగ్టన్, టేలర్ రాసినదాంతో సరిగ్గా సరిపోతోంది. మామూలు కోణంలో తీసిన ఫోటోలో వస్తువు పేరు చెప్పగలిగినవాళ్లు, అదే వస్తువుని వింత కోణంలో తీస్తే తడబడ్డారు. మెదడు కుడిభాగం వెనకవైపు దెబ్బతిన్నవాళ్లలోనే ఇది ఎక్కువ కనిపించింది. అంటే మామూలు కోణానికి ఒక దగ్గరి దారి ఉందని, వింత కోణాలకి అదనంగా ఇంకేదో పని జరగాలని అర్థం. చూపుడువేలు గారూ, దాచుకున్న కోణాలే అంతా అంటే ఈ అదనపు పని ఎక్కడ పెడతారు?

చూపుడువేలు
అడగాల్సిన ప్రశ్నే. వింత కోణాలకి అదనపు శ్రమ ఉందని నేనూ అంటున్నాను. ఆ శ్రమకి మోడల్ కావాలని మాత్రం అనను.

మోడరేటర్
ఇస్త్రీపెట్టెల డిస్కౌంట్ లింకులు పెట్టినవాళ్ల పోస్టులు తీసేశాను. చర్చ సాగనివ్వండి.

రాత్రిబల్బు
తీగ ఆకారాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, అందరూ ఇంట్లో చేసుకోవచ్చు. తీగ ముక్కని అడ్డదిడ్డంగా వంచండి. గది చీకటి చేసి, ఒక్క లైటు ముందు పెట్టి గోడ మీద నీడ పడనివ్వండి. కదలకుండా ఉన్నంతసేపు అది చదును గీత, పెన్నుతో పిచ్చిగా గీసినట్టుంటుంది. ఇప్పుడు తీగని వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. నీడ గోడ మీద నుంచి లేచి నిలబడుతుంది! ఏ వంపు మనవైపు వస్తోందో, ఏది వెనక్కి పోతోందో కనిపిస్తుంది. ఆపితే మళ్లీ గోడకి అతుక్కుపోతుంది. ఒక్కోసారి తిరిగే దిక్కు మాత్రం తిరగబడుతుంది, కుడికి తిప్పుతుంటే ఎడమకి తిరుగుతున్నట్టు. వాలాక్, ఓకానెల్ 1953లో చేసిన ప్రయోగం ఇది.

మేస్త్రి గారి మొదటి ప్రశ్నలో సగానికి నా జవాబు ఇదే. చేతిలో ఉన్న పెట్టె కదులుతుంది, కాగితం మీద పెట్టె కదలదు.

గీతలమేస్త్రి
ఇప్పుడే ఫోన్ టార్చితో చేశాను. చదివినప్పుడు ఇంత అనుకోలేదు, గోడ లోపల ఇంకో తీగ ఉన్నట్టుంది. మాన్యువల్‌లో గిఫ్ పెట్టనిస్తే ఎంత బాగుండు.

సైలెంట్‌రీడర్
చాలాకాలంగా చదవడమే, ఇదే మొదటి పోస్టు. కదలిక సంగతిలో ఒకటి మిగిలిపోయింది. వస్తువు కదలడం, మనం కదలడం ఒకటి కాదు. సైమన్స్, వాంగ్ 1998లో గుండ్రటి టేబుల్ మీద కొన్ని వస్తువులు పెట్టి చూపించారు, తర్వాత వాటిని కప్పేసి ఒకదాని చోటు మార్చారు. మనిషి తనే నడిచి పక్కకు వెళ్లి చూస్తే ఏది మారిందో బాగా చెప్పాడు. మనిషిని కూర్చోబెట్టి టేబుల్‌ని అంతే కోణం తిప్పితే తప్పులు పెరిగాయి. కంట్లో పడే బొమ్మ రెండుసార్లూ ఒకేలా మారింది. తేడా ఏంటంటే, నడిచినప్పుడు ఎంత తిరిగామో ఒంటికి తెలుసు.

పాతలెక్కలమాస్టారు
మొదటి పోస్టే ఇంత బాగుంటే ఇన్నాళ్లూ ఎందుకు దాక్కున్నారండీ?

కోడ్‌కుర్రాడు
నేను చేసే పని చెప్తాను, అప్పుడు నా బాధ అర్థమవుతుంది. ఫోటోలో వస్తువుని గుర్తుపట్టే ప్రోగ్రాములు మా టీమ్‌లో చేస్తాం. 2019లో వచ్చిన ఒక పేపర్లో స్కూల్ బస్సు త్రీడీ మోడల్‌ని పక్కకు పొర్లించి చూపిస్తే అలాంటి ఒక ప్రోగ్రాము దాన్ని చెత్త లారీ అంది, ఇంకో కోణంలో బాక్సర్లు గుద్దే సంచి అంది, ఇంకో కోణంలో మంచు తోసే బండి అంది. అదీ ఎంతో ధీమాగా! అదే ఏడాది ఆబ్జెక్ట్‌నెట్ అని ఇంకో పరీక్ష వచ్చింది. ఇళ్లలో ఉండే వస్తువుల్నే బోర్లించి, వింత కోణాల్లో, ఉండాల్సిన చోట కాకుండా వేరే చోట పెట్టి తీసిన ఫోటోలు. మంచి మంచి ప్రోగ్రాముల మార్కులు 40 నుంచి 45 శాతం పాయింట్లు పడిపోయాయి. మనుషులు బోర్లాపడిన కుర్చీని చూసి కుర్చీ అంటారు. దాచుకున్న కోణాలు సరిపోయేవైతే, లక్షల ఫోటోలు చూసి నేర్చుకున్న మా ప్రోగ్రాము మనుషుల్ని మించిపోవాలి. అందుకే తలలో త్రీడీ మోడల్ ఉందంటూ గొడవ చేస్తున్నాను.

చూపుడువేలు
ఈ పోస్టుతో మీరంటే గౌరవం పెరిగింది, వాదన మాత్రం ఒప్పుకోను. మీ ప్రోగ్రాము చూసింది విడివిడి ఫోటోలు. పసిపిల్లలు అలా చూడరు. బొమ్మ చేతిలో పట్టుకుని తిప్పుతారు, నోట్లో పెట్టుకుంటారు, విసిరేస్తారు. ఒక కోణం వెంటనే పక్క కోణం కంట్లో పడుతుంది. వెంటవెంటనే వచ్చినవి ఒకే వస్తువు అయ్యుంటాయని మెదడు ముడి వేసుకుంటుంది.

ఇది ఊహ కాదు. లీ, డికార్లో 2008లో కోతుల మీద చేశారు. కోతి కన్ను ఒకచోట నుంచి ఇంకోచోటికి దూకే ఆ రెప్పపాటులో స్క్రీన్ మీది వస్తువుని మార్చేసేవారు, అదీ ఒక్క చోటులోనే. అలా గంట రెండు గంటలు గడిచేసరికి, మెదడులో వస్తువుల్ని గుర్తుపట్టే భాగంలోని కణాలు ఆ చోటులో ఒకదాన్ని ఇంకోదానిగా పొరబడటం మొదలుపెట్టాయి. ఎక్కడ కనిపించినా ఒకటే అన్న జ్ఞానం పుట్టుకతో వచ్చి స్థిరంగా ఉండిపోయేదైతే అంత త్వరగా చెడదు కదా.

నాలుగోకన్ను
కణాల మాట ఎత్తారు కాబట్టి మీ ఇద్దరి గొడవా కొంత తీరుస్తాను. లోగోథెటిస్ బృందం 1995లో తీగ ఆకారాలకి అలవాటుపడిన కోతుల్లో చూసింది. చాలా కణాలు ఒక్క కోణానికే గట్టిగా స్పందించాయి, అక్కడి నుంచి తిప్పేకొద్దీ మెత్తబడ్డాయి. ఏ కోణమైనా ఒకేలా స్పందించేవి అతి తక్కువ. ఇది చూపుడువేలు గారి వైపు.

2010లో ఫ్రైవాల్డ్, సావో కోతుల్లో మొహాల్ని గుర్తుపట్టే చోట్లని వరసగా చూశారు. వెనక చోట కణాలు కోణాన్ని పట్టించుకుంటాయి. మధ్య చోట ఎడమ పక్క మొహం, కుడి పక్క మొహం రెండిటికీ ఒకేలా స్పందిస్తాయి, అద్దంలో పెట్టినట్టు. ముందు చోటికి వచ్చేసరికి ఎటు తిరిగినా ఆ మొహానికి ఒకే స్పందన. అంటే కోణాలతో మొదలై, మెట్టు మెట్టుకీ కోణం రాలిపోతూ వస్తుంది. చివర్లో ఉన్నది కుర్రాడు గారి మోడల్ కాదు, కానీ ఆ మోడల్ చేయాల్సిన పని అదే చేస్తోంది.

తలకిందులు
ఒక్కసారి సీరియస్‌గా. నా హ్యాండిల్‌కి న్యాయం చేయాలి కదా. మొహాల లెక్క వేరు. మిగతా వస్తువులకంటే మొహాలు తలకిందులైతేనే మనం ఎక్కువ దెబ్బతింటామని 1969లోనే రాబర్ట్ యిన్ చూపించాడు. 1980లో పీటర్ థాంప్సన్ ఇంకో తమాషా చేశాడు. అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్లు, నోరు కత్తిరించి తిరగేసి అతికించాడు. ఫోటో మొత్తం తలకిందులుగా ఉంటే ఏదో మామూలు మొహమే అనిపిస్తుంది. నిలువుగా పెట్టగానే జడుసుకుంటారు. ముక్కలు అవే. కాబట్టి మొహం దగ్గర ముక్కలు చూసి ఊరుకోవడం లేదు, వాటి మధ్య దూరాల్నీ పొందికనీ చూస్తున్నాం, అదీ నిలువుగా ఉన్నప్పుడే.

ఎక్స్‌రేబెంచీ
ఇన్నాళ్లకి ఈయన దగ్గర్నుంచి జోకు కాని పోస్టు!

గీతలమేస్త్రి
కొత్త బొమ్మ చూపించాను. ముప్పావు కోణంలో, అంటే ముందు, పక్క రెండూ కొంచెం కొంచెం, కొనదాకా కనిపించేలా, పిడి మీద ఒక చేయి కూడా గీశాను. చూసినవాళ్లంతా ఇస్త్రీపెట్టె అన్నారు. రంధ్రాలు మాత్రం బాగా సన్నబడిపోయాయి, వాటికి పక్కన గుండ్రంలో పెద్దది చేసి చూపించాల్సి వచ్చింది. అన్నిటికీ ముప్పావు కోణమే మంచిదా?

నాలుగోకన్ను
చాలావాటికి. పామర్, రోష్, చేజ్ 1981లో ఒక్కో వస్తువుకీ మంచి కోణమేదో జనాన్ని అడిగారు. ఎక్కువ వస్తువులకి ముందు, పక్క, పైభాగం కొంచెం కొంచెం కనిపించే కోణమే గెలిచింది. ఆ కోణంలో పేరు కూడా త్వరగా చెప్పారు. అలాగని సూత్రం చేసుకోకండి. గోడ గడియారాన్ని ముప్పావు కోణంలో గీస్తే టైమే చెప్పలేం.

పాపకిఅమ్మ
మధ్యలో దూరుతున్నాను. అద్దంలో పెట్టినట్టు అన్నారు కదా. మా పాపకి ఐదేళ్లు. 3ని, 7ని తిరగేసి రాస్తుంది. ఒకే పేజీలో ఒకసారి సరిగ్గా, ఒకసారి తిరగేసి. టీచర్ అశ్రద్ధ అంటున్నారు. మీ చర్చకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

చూపుడువేలు
దగ్గరి సంబంధమే ఉందండి. కుక్క కుడివైపు తిరిగినా ఎడమవైపు తిరిగినా కుక్కే. కప్పు హ్యాండిల్ ఎటున్నా కప్పే. కుడి ఎడమలు పట్టించుకోకపోవడమే వస్తువుల విషయంలో తెలివి, మెదడు పుట్టిన దగ్గర్నుంచీ అదే నేర్చుకుంటుంది. ఆ నియమం రాత దగ్గర మాత్రం చెల్లదు. పాప ఆ మినహాయింపు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఈ వయసులో చాలామంది పిల్లలు ఇలాగే రాస్తారు.

వార్డునర్సు
అశ్రద్ధ అని మాత్రం తిట్టకండి. ఏడెనిమిదేళ్లు దాటాక కూడా ఇలాగే ఉండి, చదవడం కూడా కష్టమవుతుంటే అప్పుడు ఒకసారి చూపించండి.

పాపకిఅమ్మ
చదవడం బాగానే చదువుతుంది. ఇంట్లో ఏం చేయించమంటారు?

పాతలెక్కలమాస్టారు
పెన్సిల్ పక్కన పెట్టి, పెద్దగా రాసిన అంకె మీద వేలితో దిద్దించండి, ఎక్కడ మొదలుపెట్టాలో చుక్క పెట్టి. కంటికి రెండువైపులా ఒకటే అనిపించినా, చేయి పోయే దారి ఒక్కటే ఉంటుంది. 3, 7 ఒకేరోజు వద్దు. ముందు 3 కుదరనివ్వండి.